పైవాడు చెప్పాడంటే చెల్లదు

అంతర్జాతీయ న్యాయం చదివినవాడికి నర్సీపట్నంలో ఎంత గిరాకీ ఉంటుందో ఊహించుకోవచ్చు. తొంభైల చివర్లో అక్కడో ప్రైవేటు కాలేజీలో సివిక్స్ చెప్పుకుంటూ, మేడ మీద ఒంటిగదిలో ఉండేవాణ్ణి. నాతో మాట్లాడే మనిషి ఒక్కరే. కింద ఉండే ఇంటి యజమాని, పటాలం నుంచి రిటైరైన పెద్దాయన. సాయంత్రాలు ఆయన వరండాలో క్యారమ్స్ ఆడేవాళ్లం. రోజూ ఆయనే గెలిచేవారు. ఓడిపోవడం కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేవాణ్ణి.

ఒక శుక్రవారం ఆయనింట్లో ప్రార్థన కూటం. చదువుకున్నవాడు కంటబడితే లేపి నాలుగు మాటలు చెప్పమనడం అక్కడి ఆనవాయితీ. నాకు వచ్చిన నాలుగు మాటలూ యుద్ధ నేరాల గురించే. రోమ్‌లో దేశాలు కూడి కొత్త కోర్టుకు ఒప్పందం రాసుకున్న రోజులవి. "యుద్ధంలో జరిగిన నేరానికి దేశాన్ని చూపించి తప్పుకోవడం కుదరదు. చేసిన మనిషే బోనెక్కాలి. పైవాడు చెప్పాడంటే చెల్లదు" అన్నాను. మినహాయింపుల్లోకి వెళ్లేలోగా పాస్టరు గారు వాచీ చూసుకున్నారు. ఉడికించిన శనగలు చల్లారిపోతున్నాయి. అందరూ ఆమెన్ అన్నారు. న్యాయశాస్త్రానికి ఆమెన్ పడగా వినడం నాకదే మొదలు.

మర్నాటి నుంచి క్యారమ్ బోర్డు బయటికి రాలేదు. వారం చూసి నేనే తలుపు కొట్టాను.

"ఒంట్లో బాగోలేదాండీ?"

"బానే ఉంది. కూకో బాబూ." తలుపు దగ్గరగా వేశారు. "యుద్ధంలో మా ఆఫీసరు ఒక ఇల్లు కాల్సీమన్నాడు. కాల్సీసేను. అంటించేముందు లోపల ఎవరో దగ్గేరు. ఇన్నాను."

నాకు ఆ ఊళ్లో ఆయన తప్ప ఎవరూ లేరు. అందుకని మిగిలిపోయిన మినహాయింపులన్నీ ఏకరువు పెట్టాను. ఆజ్ఞ అక్రమమని తెలియకపోతే ఒక దారి ఉంది. తెలిసినా, పైవాడి ఒత్తిడి చూసి కోర్టు తగ్గించవచ్చు.

"తగ్గేది తప్పా, సిచ్చా?"

"శిక్షండీ."

"నాకు ఎవుడూ సిచ్చే ఎయ్యనేదు. ఏటి తగ్గిస్తావు?"

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నారు.

"నువ్వు జడ్జీవా బాబూ?"

"కాదండీ. సివిక్స్ లెక్చరర్ని."

"మరైతే ఎల్లు."

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే ఏదో ఒక పూట చల్లారేది. నేను మేడెక్కాను. ఆ ఏడు సాయంత్రాలు కూడా క్లాసులు పెట్టి సిలబస్ చాలా ముందుగా పూర్తిచేశానని ప్రిన్సిపాలు గారు మెచ్చుకున్నారు.