దారి తెలియని పెద్దసారు

ఇరవై ఏళ్లుగా ఆ ఆస్పత్రిలోనే పనిచేస్తూ, రక్తకాన్సర్ పిల్లల వార్డు ఎటో తెలియని మనిషి ఒక్కరే ఒక్కరు. ఆ వార్డుకు ప్లాను వేసిన, ఆస్పత్రి ఏర్పాట్లు చూసే పెద్దసారే!

"బాబూ, కాన్సర్ పిల్లల వార్డు ఎటు?" అని పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగేవారు. తర్వాత ఓపీ చీటీలు రాసే అమ్మాయిని, ఆ తర్వాత ఆయాను, చివరికి లిఫ్టు తాతను. ఎవరైనా తడబడ్డారో, అంతే సంగతులు! వాళ్లు చెప్పిన తప్పుదారినే శవాల గది దాకా పోయి, రొప్పుతూ తిరిగొచ్చి మళ్లీ అడిగేవారు.

"నిన్ననే చెప్పాను కద్సార్!"

"మర్చిపోయాను నాయనా. జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకొచ్చాననుకో. ఇప్పుడు చెప్పు."

ఆయన కింద కొత్తగా చేరిన సహాయకురాలికి పక్కన నడవాలంటేనే తల కొట్టేసినట్టుండేది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదేనమ్మా" అని ఇంట్లో తల్లి దగ్గర వాపోయేది.

ఒకరోజు మీటింగులో, జ్వరమొచ్చిన కాన్సర్ పిల్లలు ఓపీ వరుసలో కూర్చోకుండా నేరుగా వార్డుకు పోయేలా వేరే తలుపు పెట్టాలన్నారు పెద్దసారు.

"జబ్బుకో తలుపు పెడితే ఇక గోడలేం మిగుల్తాయండీ? వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు పైఅధికారి. అందరూ నవ్వారు. పెద్దసారూ నవ్వి, బయటికొచ్చి ఆ అధికారి బంట్రోతునే వార్డుకు దారి అడిగారు.

సహాయకురాలు ఇక ఉండబట్టలేక వార్డుకెళ్లి హెడ్ నర్సును నిలదీసింది. "అక్కా, సారుకి నిజంగానే మతి లేదా?"

హెడ్ నర్సు సూదులు సర్దడం ఆపింది. "ఈ మందులు వాడే పిల్లలకి రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు తల్లీ. జ్వరమొస్తే గంటలో సూది పడాలి. పోయినేడు ఒక పాపని వరుసలో కూర్చోబెట్టారు. తర్వాత ఎక్స్‌రేకంటూ, రక్తపరీక్షకంటూ తిప్పారు. పైకి తెచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. 'అందర్నీ దారి అడుగుతూనే ఉన్నానమ్మా' అని ఏడ్చింది వాళ్లమ్మ. అప్పుడు సారు ఇక్కడే ఉన్నారు."

మర్నాడు సారు దారి అడుగుతుంటే సహాయకురాలు తల దించుకోకుండా పక్కనే నిలబడింది.

వారం తిరక్కుండానే ఒకావిడ వానలో, బోడిగుండు పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని గేట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఇంకా నోరు తెరవనేలేదు.

"జ్వరమా? ఎడమకి తిరిగి లిఫ్టెక్కమ్మా, మూడో అంతస్తు! వరుసలో కూర్చోకు!" అని అరిచాడు వాచ్‌మన్. చీటీల అమ్మాయి లేచి నిలబడి చెయ్యి చూపించింది. ఆయా తుడుపుకర్ర పడేసి ముందు నడిచింది. లిఫ్టు తాత అప్పటికే తలుపు పట్టుకుని నిలబడ్డాడు. సూది వేళకు పడింది. మర్నాటికి జ్వరం దిగి, వాడు సూది వేసిన నర్సు మీద అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సహాయకురాలు పెద్దసారు గదికి పరుగెత్తింది. "ఒక్కళ్లూ తడబళ్లేదు సార్! ఇక అడగక్కర్లేదుగా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు గేటుకి కొత్త వాచ్‌మన్ వస్తున్నాడమ్మా. నన్ను చూస్తే అందరూ ముందే జాగ్రత్తపడుతున్నారు. నువ్వైతే ఎవరికీ అనుమానం రాదు."

మర్నాడు ఆమె చంకలో ఫైలుతో గేటు దగ్గర ఆగింది. గొంతు సవరించుకుని, "బాబూ, కాన్సర్ పిల్లల వార్డు ఎటు?" అంది.

కొత్త వాచ్‌మన్ బిక్కమొహం వేశాడు. పాతవాడు నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో రామా, ఈవిడకీ అంటుకుంది! త్వరగా నేర్చుకోరా, లేకపోతే రోజూ అడుగుతారు."