పెండిల్ హిల్ సంతలో గుమ్మడికాయకు మొదటి గాటు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది మార్చిలో, సిడ్నీ పెండిల్ హిల్‌లోని ఒక చిన్న టిఫిన్ షాపులో నన్ను హెడ్ కుక్‌ను చేశారు. అంతకుముందు అదే షాపులో కిచెన్ హ్యాండ్‌గా ఉన్నాను. కిచెన్ హ్యాండ్ పని తరగడం, కడగడం, తుడవడం. హెడ్ కుక్ ఏం వండాలో, ఎంత వండాలో చెబుతుంది. మిగిలిపోతే జవాబు కూడా ఆమే చెప్పుకోవాలి. నేను చదివింది ఐదో తరగతి. జీతం పుచ్చుకుని చేసిన ఉద్యోగం ఇదొక్కటే. కాబట్టి దీని సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను, ఎవరికైనా నచ్చకపోతే నేనేం చెయ్యలేను.

షాపు యజమాని సునీత. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ తెచ్చుకుని, ఆఫీసు ఉద్యోగం మానేసి ఈ షాపు పెట్టింది. వంటింట్లో నాతో పాటు పద్మ ఉండేది. ఆమెది నిజామాబాద్, హైస్కూలు చదివే కొడుకున్నాడు.

ఆ ఏడు ఎదురు వరసలో పెద్ద హోటల్ తెరిచారు. మా సాయంత్రం బేరం సగానికి సగం పోయింది. ఒకరోజు షట్టర్ దించుతూ సునీత అంది: "ఆంటీ, ఈ ఆటమ్‌లో బిజినెస్ లేవకపోతే జూన్‌లో లీజ్ రెన్యూ చెయ్యను. మళ్ళీ జాబ్ చూసుకుంటా." తనకు ఉద్యోగం దొరుకుతుంది. నాకూ పద్మకూ ఎవరిస్తారు?

ఇక్కడ ఆటమ్ అంటే మార్చి నుంచి మే దాకా. మనం ఉగాది పచ్చడికి వేపపువ్వు వెతుక్కునే వేళకు వీధిలో చెట్ల ఆకులు ఎర్రబడి రాలుతుంటాయి. ఏప్రిల్‌లో చలికాలపు టైముకు గడియారాలు గంట వెనక్కి తిప్పిన తర్వాత ఒక ఆదివారం మా వీధి షాపుల వాళ్ళంతా కలిసి ఆటమ్ సంత పెడదామనుకున్నారు. సునీత ఇంటర్నెట్ అంతా గాలించి మూడు ఆలోచనలు తెచ్చింది. గుమ్మానికి ప్లాస్టిక్ ఎర్రాకుల తోరణం, దాల్చినచెక్క వేసిన కాఫీ, గుమ్మడికాయలకు కళ్ళూ నోరూ చెక్కి వరసగా పెట్టడం.

మొదటి రెండింటికీ నేను అడ్డు చెప్పలేదు. మూడోదానికి మాత్రం, "చెక్కినవాటిని మర్నాడు ఏం చేస్తావు?" అని అడిగాను.

"బిన్‌లో వేస్తాం ఆంటీ. డెకరేషనే కదా."

"నేనుండగా వెయ్యవు."

ఆ కాలంలో గుమ్మడికాయ చవక. పైన పచ్చటి చారలు, లోపల నారింజరంగు ఉండే కెంట్ రకం మరీ చవక. కాయను జనం ముందే కోసి, జనం ముందే దప్పళం వండి, వేడన్నంతో పెడదామన్నాను. గింజలు కడిగి వేయించి ఉప్పుకారం చల్లి అమ్మవచ్చు. తొక్క పచ్చడికి వస్తుంది. బిన్‌కి ముచ్చిక తప్ప ఏమీ మిగలదు. సునీతకు నచ్చింది. "లైవ్ కుకింగ్" అని పేరు పెట్టి, పదిన్నరకు మొదటి గాటు అని ఫేస్‌బుక్‌లో వేసేసింది.

అక్కడే చిక్కు వచ్చింది. మనలో నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు కొట్టరు, కొడితే కొడుకుకు కీడంటారు. మగవాడెవరైనా ఒక గాటు పెట్టాలి, తర్వాత తరుక్కోవాలి. షాపులో రోజూ సునీత భర్త పొద్దున్నే ఆ గాటు పెట్టి పోయేవాడు. ఆ ఆదివారం అతనికి ట్రక్కు డ్యూటీ పడింది. సరిగ్గా అప్పుడు ప్రభాకర్ గారు ముందుకొచ్చారు. రిటైరై క్వేకర్స్ హిల్‌లో కొడుకు దగ్గర ఉంటూ రోజూ మా షాపుకు కాఫీకి వచ్చే పెద్దమనిషి. సంఘాలన్నా సభలన్నా ఆయనకు ప్రాణం. "గుమ్మడికాయ సంగతి నాకొదిలెయ్యండమ్మా" అన్నారు.

సంత రోజు తెల్లవారుజాము నుంచి మా పని నిబంధనల ప్రకారం నడిచింది. వీధిలో స్టాల్ వేస్తే పైన కప్పు, మూడు వైపులా తెర, చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న నీళ్ళ డబ్బా ఉండాలి. వేడి తిండి అరవై డిగ్రీలకు తగ్గకూడదు. థర్మామీటరు గుచ్చి చూస్తుండాలి. అన్నం వార్చాం. చింతపండు పులుసు మరుగుతోంది. పదిన్నరకల్లా లైను పక్క స్టాల్ దాకా సాగింది. ప్రభాకర్ గారు జరీ కండువాతో వచ్చి నిలబడ్డారు గాని కత్తి ముట్టుకోలేదు.

"మా సంఘం మాజీ ప్రెసిడెంట్ గారు బ్లాక్‌టౌన్ దాటారట. రిబ్బన్, ఫోటోగ్రాఫర్ ఆయన కార్లోనే వస్తున్నారు" అన్నారు.

"గుమ్మడికాయకు రిబ్బనేమిటండీ, అదేమన్నా బస్టాండా?" అన్నాను.

"పదిమందికీ తెలియాలి కదమ్మా. సునీతకే పబ్లిసిటీ."

ఆ ప్రెసిడెంట్ గారు ఎంతకీ రాలేదు. పులుసు ఇగిరిపోతుంటే రెండుసార్లు నీళ్ళు పోశాను. లైను చివరివాళ్ళు ఒక్కొక్కరే పక్కన సాసేజ్‌లు కాల్చే వాళ్ళ దగ్గరికి జారుకుంటున్నారు. సునీత ముఖంలో నెత్తురు లేదు. గంపెడన్నం, మూడు బతుకులు ఒక మగవాడి గాటు కోసం ఆగి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

తరిగే పలక జారకుండా కింద తడిగుడ్డ పరిచాను. కాయను దాని మీద పెట్టి, ముచ్చిక పక్కన కత్తి మడమ, అంటే పిడి దగ్గరి అంచు, ఆనించాను.

"ఆగండి సీతారావమ్మ గారూ" అన్నారు ప్రభాకర్ గారు. "ఆడవాళ్ళు కొట్టకూడదు. పైగా మీరు..."

"పైగా? పూర్తి చెయ్యండి. లైన్లో వాళ్ళు కూడా వింటారు."

ఆయన బూట్లకేసి చూసుకున్నారు.

"మా ఆయన పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో గుమ్మడికాయ నేనే కొట్టుకుంటున్నాను. పప్పులోకి ముక్క కావలసినప్పుడల్లా మీరు రైలెక్కి వస్తారా? మా అబ్బాయి గుండ్రాయిలా ఉన్నాడు. అనుమానముంటే ఫోన్ కలుపుతాను, మాట్లాడండి."

అరచేత్తో నొక్కాను. కాయ రెండుగా విడిపోయింది.

లైన్లో రెండు తెలుగు కుటుంబాలు గొణుక్కుంటూ వెళ్ళిపోయాయి. పిల్లబండితో నిలబడ్డ ఒక దొరసాని, ఈ తగువు కూడా కార్యక్రమంలో భాగమా అని సునీతను అడిగిందట. సునీత అవునని చెప్పిందట.

పద్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఆంటీ, మీరు కొయ్యుండ్రి, నేనేమన. నేనైతే ముట్ట. మా పోరనికి నెక్స్ట్ వీక్ ఎగ్జామ్స్ ఉన్నయ్."

"నిన్ను ముట్టమన్నానా? గరిటె పట్టుకో చాలు." ఆమె భయం ఆమెది. దానితో నాకు పేచీ లేదు.

సునీత నా చెవి దగ్గరకొచ్చింది. "ఆంటీ, వెళ్ళిపోయినవాళ్ళు బ్యాడ్ రివ్యూ పెడితే అయిపోయాం."

"పెట్టనీ. ఆడది గుమ్మడికాయ కోసిందని రాస్తారు. పురుగుందని రాయరుగా."

ముక్కలు పులుసులో పడ్డాక వాసన వీధిలోకి వెళ్ళింది. సాసేజ్‌ల వైపు పోయినవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు. రెండో కాయ పలక మీద పెట్టేసరికి లైన్లోంచి ఒకామె ముందుకొచ్చింది. నర్సు యూనిఫాంలో ఉంది, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. "ఇటివ్వండి ఆంటీ, నేను కొడతా. మా ఆయనకు మైన్స్‌లో రోస్టర్ డ్యూటీ, వారాలకొద్దీ ఇంటికి రారు. ఆయనొచ్చేదాకా ఆగి ఆగి ఇంట్లో కాయ కుళ్ళిపోయింది" అంది. చేతులు కడుక్కుని రమ్మన్నాను. కడుక్కుని వచ్చి కొట్టింది. లైన్లో ఆడవాళ్ళు నవ్వారు. మూడో కాయకు మరొకామె వచ్చింది. ఇక పిలవాల్సిన అవసరం రాలేదు.

మాజీ ప్రెసిడెంట్ గారు వచ్చేసరికి గిన్నెలు కడుగుతున్నాం. ప్రభాకర్ గారు ఆ రోజు మా స్టాల్‌లో తినలేదు. సాయంత్రం ఆయన భార్య ఒక్కతే షాపుకొచ్చి పార్సిల్ అడిగింది. "ఆయన తినరట. అయినా రెండు కట్టండి" అంది. కట్టాను.

వెళ్ళిపోయిన రెండు కుటుంబాల్లో ఒకటి మళ్ళీ రానేలేదు. సునీత మాత్రం మే నెలాఖరు దాకా ప్రతి ఆదివారం గుమ్మడికాయ పెట్టించింది. మొదటి గాటు ఎవరైనా పెట్టవచ్చని కాగితం మీద రాసి షాపు అద్దానికి అంటించింది. జూన్‌లో లీజు మూడేళ్ళకు కాకుండా ఒక్క ఏడాదికే రాయించుకుంది. అది తెలివైన పనే. పద్మ ఆ తర్వాత కూడా నిండుకాయ ముట్టలేదు. ఆమె కోసం ముందుగా నేనే గాటు పెట్టి ఉంచేదాన్ని. కిందటేడు మోకాళ్ళు మొరాయించి నేను ఉద్యోగం మానేశాను.

చిన్న షాపు పెట్టుకునేవాళ్ళు నన్నేదైనా చెప్పమంటే ఒకటే చెబుతాను. తోరణం ఏ రంగుదైనా కట్టుకోండి, కాఫీలో ఏదైనా వేసుకోండి. అమ్మకానికి పెట్టిన పనిలో మొదటి అడుగు మాత్రం షాపులో ఉన్న మనిషి చేతుల్లోనే ఉండాలి. బయటివాడి చెయ్యి వస్తేగాని కదలని పనిని ఫేస్‌బుక్‌లో వెయ్యకండి. ఒకవేళ వేసి ఇరుక్కుంటే, కిందొక తడిగుడ్డ వేసుకుని మీరే కొట్టండి. కాయ ఎవరు కొట్టినా తెగుతుంది.