పాత తుపాకులూ, వెంకటరమణ గారి పట్టుదలా

మా ఆఫీసు వెంకటరమణ గారు ఇక లేరు. ఆదివారం పొద్దున ఇక్కడి బూన్ లే మార్కెట్లో కూరగాయలు కొంటూ గుండెపోటుతో కుప్పకూలారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నా మనసు ఇంకా నమ్మడం లేదు. శుక్రవారం సాయంత్రం నాతో పోట్లాడి వెళ్ళిన మనిషాయన.

పోట్లాట పాత తుపాకుల గురించి. తుపాకీ మాటెత్తడానికే జంకే ఈ సింగపూర్‌లో కూర్చుని మేము అమెరికా తుపాకుల దుకాణాలకు ప్రోగ్రాము రాస్తున్నాం. కొనేవాడి నేరచరిత్ర చూశాకే అది అమ్మకానికి అనుమతిస్తుంది. పురాతనమైన తుపాకీకి మాత్రం ఆ తనిఖీ నుంచి మినహాయింపు. చిక్కల్లా ఆ మినహాయింపు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉండటమే. ఒకచోట తుపాకీ వయసు చాలు. మరోచోట దానికి సరిపడే తూటాలు బజారులో దొరకకూడదు. ఇంకోచోట శిక్షపడినవాడు ఎంత పాతదాన్నయినా ముట్టుకోరాదు. ఇవన్నీ పరీక్షించి, ప్రోగ్రాము సరిగ్గా ఉందని సంతకం చేయవలసిన బాధ్యత ఆయనది.

"అన్ని రాష్ట్రాలకీ తుపాకీ వయసు చూసే ఒకటే రూలు పెట్టేద్దాం సార్, డెడ్‌లైన్ దగ్గరికొచ్చేసింది. గోడకి తగిలించుకునే సరుకే కదా," అన్నాడు మేనేజరు శ్రీధర్.

"పేలుతుందా, పేలదా? ముందది చెప్పవయ్యా. తగిలినోడికి పాతదో కొత్తదో తేడా తెలుస్తుందా?" అన్నారీయన.

స్థిమితంగా కూర్చోవడం ఆయన జాతకంలో లేదు. ఒక మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబులు చోప్ చేశారు, అంటే మాకోసం పట్టి ఉంచారు. అన్నం తెచ్చుకోబోతూ ఏదో రాష్ట్రపు చట్టంలోని మాట గుర్తొచ్చి అటునుంచి అటే ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఆయన కోసం టేబులు కాపలా కాస్తూ కూర్చుంటే నా టీ చల్లారిపోయింది. ఆ నిష్ఠ చూస్తే నాకు ఒళ్ళు మండేది, గౌరవమూ కలిగేది.

సంతకం చేయకపోతే కాంట్రాక్టు పొడిగించరని అందరికీ తెలుసు. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే పాసూ పోతుంది. వాళ్ళమ్మాయి చదువు మధ్యలో ఉంది. శుక్రవారం నేను అదే చెప్పి బతిమాలాను.

"మా పిల్ల చదువుకి ఇంకో ఊరు దొరుకుద్దోయ్. తూటాకి ఎదురొచ్చినోడికి ఇంకో ప్రాణం ఎక్కడ దొరుకుద్ది?" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడా బాధ్యత నాకు అప్పగించారు. ఒకే రూలుతో ప్రోగ్రాము సిద్ధంగా ఉంది. "సంతకం నువ్వు పెట్టెయ్ తమ్ముడూ," అన్నాడు శ్రీధర్. నా పాసు కూడా ఈ కంపెనీదే. ఆయన స్థానం నాకిచ్చారు గానీ, ఆయన గుండెధైర్యం ఎవరిస్తారు?

ఆ పుణ్యమూర్తి భౌతికకాయం మీద పూలమాల ఉంచి నమస్కరించి వచ్చాను. అది నాకు చేతనైంది. సంతకం చేయనని చెప్పడం ఇంకా చేతకాలేదు. రేపు ఉదయం ఆ సంతకం కోసం శ్రీధర్ వస్తానన్నాడు.