కింది అర్రలో ఇప్పపూల వాసన

ఇల్లు కొన్న మొదటి వారం ఆ వాసనను ఎవరూ పట్టించుకోలేదు. కొత్త ఇల్లన్నాక ఏదో ఒక వాసన ఉంటుందని మోతీలాల్ అన్నాడు. అతను మణుగూరు బొగ్గు గనిలో పనిచేస్తూ ఆదివారం మాత్రమే ఇంటికి వచ్చేవాడు. వారానికి ఒక్కరోజు పీల్చే గాలి గురించి మాట్లాడటం అతనికి తేలికే. మిగతా ఆరు రోజులు ఆ గాలి పీల్చేది అతని భార్య సోమ్లి.

అది అంతకుముందు అడవి సరుకు కొనే ఒక షావుకారు ఇల్లు. గూనపెంకులు, ముందు పెద్ద వసారా, నడిమి అర్రలో ఒక మూల నేలకు బిగించిన చెక్క తలుపు. తలుపు ఎత్తితే తొమ్మిది మెట్లు, వాటి కింద ఇంకో అర్ర. తండాలో పుట్టి పెరిగిన సోమ్లి, నేల కింద కూడా గది ఉండే ఇంటిని అంతవరకు చూడలేదు. వాసన ఆ మెట్ల మీదుగా పైకి వచ్చేది. తియ్యగా, పులిసినట్టు, సారాకని ఇప్పపువ్వు నానేసిన కుండ మూత తీస్తే వచ్చే వాసన.

ఆ చుట్టుపక్కల ఆ వాసన తెలియనివాళ్ళు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పక్కింటి సైదమ్మ ఒకరోజు గోడ మీదికి వంగి గొంతు తగ్గించి మాట్లాడింది.

"నాకేంది సోమ్లీ, కాసుకుంటే కాసుకో. నేనెవలికీ చెప్ప."

"ఏం కాసుకోవాలె అత్తా?"

"గదే. వాసనొస్తలేదా? ఎక్సైజోళ్ళు గిట్ల వస్తే నువ్వు మా పెరట్ల నుంచి పో. మా ఆయనకు ఎప్పుడన్న ఒక గలాసు పోస్తే చాలు."

సోమ్లి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పనన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది.

ఇది ఇంకో వారమైతే సోమ్లి తలుపు వేసుకుని ఊరుకునేదే. కానీ ఊరికి బాల్వాడీ మంజూరైంది. నడిపే ఆడమనిషి ఏడో తరగతి పాసై ఉండాలి, పిల్లలు కూర్చునే చోటు చూపించాలి. తల్లి మంచాన పడితే సోమ్లి చదువు ఎనిమిదిలో ఆగింది గానీ, ఏడు పాసైన కాగితం ఆమె దగ్గరుంది. పదకొండేళ్ళుగా దాన్ని పెట్టె అడుగున బట్టల కింద దాచింది. ఆ కాగితంతో ఒకరికి పని పడటం ఇదే మొదలు. సూపర్వైజరు సుబ్బరత్నం మేడం శుక్రవారం వచ్చి వసారా చూస్తానని కబురు పంపింది. సారా వాసన వచ్చే ఇంట్లో బాల్వాడీ పెట్టరు. ఆ ఇల్లు లంబాడీలదైతే వాసన ఎందుకొస్తుందని అడగను కూడా అడగరు.

సోమ్లి వేపాకు పొగ వేసింది. సాంబ్రాణి వేసింది. గోడలకు సున్నం కొట్టింది. ఎలుక చచ్చిందేమోనని మూలమూలా వెతికింది. ఎలుక వచ్చే దారే లేదని మోతీలాల్ అప్పటికే చెప్పి ఉన్నాడు. వెనక గోడ అడుగున రెండు పందికొక్కు కన్నాలు కనబడితే, ఇల్లు కొన్న రోజే అర బస్తా సిమెంటు తెచ్చి పూడ్చాడట. ఆ సిమెంటు పనిని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

అన్నిటికంటే ఎక్కువగా సోమ్లి అలికింది. శుభ్రమంటే అలకడమేనని తల్లి నేర్పింది. తొమ్మిది మెట్లు నీళ్ళు మోసుకెళ్ళి కింది అర్ర నేలంతా పేడతో అలికేది. ఆ రోజు పేడ వాసన ఉండేది. మర్నాడు పాత వాసన వచ్చేది, కాస్త బలంగా. ఆమె అది గమనించింది. నేల ఇంకా శుభ్రం కాలేదనుకుని రోజూ అలకడం మొదలుపెట్టింది.

బుధవారం సంత. పొద్దున్నే దూలయ్య ఇప్పగింజల మూటతో వసారా ముందుకు వచ్చాడు. అడవిలోపలి కోయగూడెం నుంచి వచ్చే ముసలాయన.

"షావుకారు ఏడి బిడ్డా?"

"ఇల్లమ్మి ఖమ్మం పోయిండు తాతా. మేం కొన్నం."

"నాతోని చెప్పలే," అని మూట దించి, గాలి పీల్చి, "కింది అర్ర నానింది గదా," అన్నాడు.

సోమ్లి తలెత్తింది. "నీకెట్ల ఎరక?"

"ఇరవై ఏండ్లు గా అర్రలకు ఇప్పపువ్వు మోసింది నేనే."

ఆయన మెట్ల వైపు వెళ్ళలేదు. ముందు ఇంటి వెనక్కి వెళ్ళి గోడ అడుగున సిమెంటు ముందు కూర్చున్నాడు.

"వీటిని ఎవలు మూసిండ్రు?"

"మా ఆయన. పందికొక్కు కన్నాలని."

"పందికొక్కు గిట్ల నాలుగు పలకలుగ, కొలిచి తవ్వుతదా బిడ్డా? ఇవి షావుకారు పెట్టిచ్చిన గాలికంతలు."

తర్వాత కిందికి దిగి కాలి బొటనవేలితో నేల గీకాడు. అలుకు పొర కింద నల్లగా, బంకగా తగిలింది. ఏళ్ళ తరబడి కాళ్ళ కింద నలిగిన పువ్వు మట్టిలో కలిసిపోయి ఉంది.

"షావుకారు ఈడికి నీళ్ళ చుక్క దిగనిచ్చేటోడు కాదు. ఊడ్చి బూడిద చల్లిపిచ్చేటోడు. నువ్వేం జేసినవ్?"

"అలికిన తాతా. రోజూ."

"సారా ఎట్ల కాస్తరు? ముందు పువ్వు నానేస్తరు, గాలి పోకుండ మూత పెడతరు. నువ్వు నీళ్ళు పోసినవ్, మీ ఆయన మూత పెట్టిండు. పొయ్యి ఒక్కటే తక్కువ."

"అయితే ఊరోళ్ళన్నది నిజమేనా?"

"సగం," అన్నాడు దూలయ్య. గడ్డపార అడిగాడు.

సంతకు ఆలస్యమవుతున్నా రెండు కంతలూ తెరిచి వెళ్ళాడు. ఆ రోజూ మర్నాడూ సోమ్లి కింది నేలను జానెడు లోతు తవ్వి, తట్టకెత్తి, పెరట్లో పోసింది. సైదమ్మ గోడ దగ్గర నిలబడి చూసింది. ఆమె మేక ఆ కుప్ప దగ్గరికి వచ్చి నాకడం మొదలుపెట్టి, పొద్దుగూకినా ఇంటికి రానంది. చెవి పట్టి లాగితే పడుకుంది.

ఇక మిగిలింది బూడిద చల్లడం. అంత నేలకు ఒక్క పొయ్యి బూడిద చాలదు. నలుగురిలో నోరు విప్పని సోమ్లి తట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరగవలసి వచ్చింది. ప్రతి ఇంట్లో ఎందుకని అడిగారు. ప్రతి ఇంట్లో మొదటినుంచి చెప్పింది. మూడో ఇంటికి మాట తడబడటం తగ్గింది. ఆరో ఇంట్లో పందికొక్కు మాట దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు నవ్వారు. చివరగా సైదమ్మ ఇంటికి వెళ్ళింది.

"అంటే కాస్తలేవన్నట్టు," అంది సైదమ్మ. మొహంలో కొంచెం నిరాశ కనబడింది. అయినా రెండు తట్టలిచ్చింది.

శుక్రవారం సుబ్బరత్నం మేడం బస్సు దిగి గొడుగు ముడుస్తూ వచ్చింది. వసారాను అడుగులతో కొలిచింది.

"ఈ ఇంట్లో ఏదో వాసన వస్తుందని బస్సు దగ్గరే చెప్పారమ్మా."

"అవ్ మేడం, వచ్చింది. చూపిస్త."

లాంతరు పట్టుకుని సోమ్లి ముందు దిగింది. మేడం చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగి, తవ్విన నేలనూ బూడిదనూ చూసి, కంతల్లోంచి పడుతున్న వెలుతురు దగ్గర నిలబడి మూడుసార్లు గాలి పీల్చింది. సోమ్లి ఏడు ఇళ్ళలో చెప్పిన సంగతిని ఎనిమిదోసారి చెప్పింది.

"ఇంకా కొంచెం ఉంది," అంది మేడం.

"ఉంటది మేడం. దసరా దాక ఉంటదని తాత చెప్పిండు."

మేడం పుస్తకంలో ఏదో రాసుకుంది. "పై తలుపుకు తాళం పెట్టించు. పిల్లలు ఈ మెట్లు దిగకూడదు."

తమకింకా పిల్లలు లేరు గదా అనుకుంది సోమ్లి. మేడం అన్నది బాల్వాడీ పిల్లల గురించని మెట్లెక్కి పైకి వచ్చాక అర్థమైంది. పెట్టె అడుగు నుంచి కాగితం తీసుకురావడానికి వెళ్ళి, అక్కడే కాసేపు కూర్చుండిపోయింది.

ఆదివారం మోతీలాల్ వచ్చాడు. చెక్క తలుపుకు కొత్త తాళం చూశాడు. వెనక్కి వెళ్ళి గోడ చూసి వచ్చాడు.

"పందికొక్కులు మళ్ళ తవ్వినయా?"

"అవ్," అంది సోమ్లి. "గడ్డపారతోని."

అతను గాలి పీల్చి చూసి, కొత్త ఇంటి వాసన దానంతటదే పోతుందని తను ముందే చెప్పానన్నాడు.