పై అంతస్తుకు వీల్లేని కంప్యూటర్

పెళ్ళి వీడియోలు కూర్చడం నా పని. గుంటూరులో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఒక్కో పెళ్ళిని వీడియోగా తయారుచేయడానికి మా పాత కంప్యూటర్ మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళ దాకా గురగురలాడుతూనే ఉండేది. మధ్యలో ఎక్కడ ఆగిపోతుందోనని నేను దాని ముందు నుంచి కదిలేదాన్ని కాదు. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ చూశాను గానీ నా సాయంత్రాలు ఏమైపోయాయో నాకే తెలియదు. వాటి కోసమే కొత్త కంప్యూటర్ కొనాలనుకున్నాను.

నాకు నచ్చింది టిఫిన్ డబ్బా అంత పెట్టె. చూడ్డానికి చిన్నదే గానీ మహా చురుకు. ఫోన్లో దాని ఫొటోలు చూపిస్తే, హైస్కూల్లో లెక్కల మాస్టారైన మా ఆయనకు మాత్రం అది అస్సలు నచ్చలేదు.

"విప్పడానికి ఒక్క స్క్రూ అన్నా కనపడదేంటే? రేపు మెమరీ చాలకపోతే ఎక్కడ పెడతావు?"

"పెట్టడానికి ఉండదండీ. లోపల బోర్డుకే అతికించేసి ఇస్తారు. కొన్నప్పుడు ఎంతుంటే చివరిదాకా అంతే."

"పెంచుకోడానికి వీల్లేని వస్తువు ఎవరన్నా కొంటారా?"

ఆయన్ని అని లాభం లేదు. మా వైపు ఎవరు డాబా వేసినా స్తంభాల పైన ఇనుప చువ్వలు వదిలేస్తారు, ఎప్పుడో పై అంతస్తు వేసుకోవచ్చని. మా డాబా మీదా ఉన్నాయి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ వాటికి దండెం కట్టి బట్టలారేస్తున్నాం. పాత కంప్యూటర్‌ను కూడా ఆయన ఆ ఆలోచనతోనే కొన్నారు. పెద్ద పెట్టె, ముందుముందు ఏవన్నా పెట్టుకోడానికి లోపల బోలెడు ఖాళీ. ఆరోజు పంతం కొద్దీ దాని పక్క రేకు విప్పి చూపించాను. ఆ ఖాళీలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఇన్నేళ్ళలో ఒక్కటన్నా పెట్టారా?"

"అవసరం పడలా. పడితే?"

అవసరం రోజూ పడుతూనే ఉంది. తీరా కొందామని వెళితే, ఈ పాత బోర్డుకు సరిపడేవి ఇప్పుడు రావడం లేదని దుకాణాల వాళ్ళే చెప్పారు. అదీ గుర్తుచేశాను. నాకు నిజంగానే ఒళ్ళు మండింది.

"మీ రేపటి కోసం నా ఇవాళంతా పోతోందండీ!" అని గట్టిగానే అరిచాను.

ఆయన రేకు బిగించారు. ఒక స్క్రూ మిగిలిపోయింది కూడా.

మర్నాడు ఆయనే స్కూటర్ మీద బ్రాడీపేటలో కంప్యూటర్ల దుకాణానికి తీసుకెళ్ళారు. అక్కడ ఇంకో గొడవ తప్పదనుకున్నాను. దుకాణం ఆయన ఆ చిన్న పెట్టెలోనే మామూలు మెమరీ ఉన్నది చూపించబోయాడు. మా ఆయన అడ్డం పడ్డారు.

"అన్నిటికంటే ఎక్కువ మెమరీ ఉన్నదేదండీ? అదివ్వండి. పై అంతస్తు కూడా ఇప్పుడే వేసేద్దాం."

దుకాణం ఆయనకు అర్థం కాలేదు. నాకు నవ్వాగలేదు.

దానిమీద మొదటి పెళ్ళి పెట్టిన రోజు, కాఫీ కలుపుకుని వచ్చేసరికి వీడియో తయారైపోయి ఉంది. నమ్మకం కుదరక మొదటి నుంచీ చూశాను. అంతా బాగానే ఉంది. ఇక ఏం చేయాలో తోచక వీధి గుమ్మంలో కూర్చున్నాను. ఇంకా ఎండ ఉంది. బడి నుంచి వచ్చిన ఆయన నన్నక్కడ చూసి కంగారుపడ్డారు.

"ఏంటే, అప్పుడే పాడైందా?"

"లేదండీ. నా పని అయిపోయింది."

స్కూటర్‌కి స్టాండ్ వేయబోతున్న ఆయన ఆగి, నా వంక చూశారు.

"అయితే ఎక్కు," అన్నారు.

ఎక్కడికని అడగకుండానే తలుపుకు తాళం వేశాను.