నా వంతుకు వచ్చిన దేవుడు

మొన్న సోమవారం మా కొత్త గుడిలో పూజారి నన్ను గడప అవతలే ఆపి, "ఏమ్మా, లోపలికి రాకూడదు, ఆడనే కటకటాల బయట నిలబడు" అన్నాడు. ఆయనది పొరుగూరు, లోపల కూర్చున్న దేవుడికీ నాకూ ఎన్నేళ్ల పోరు నడిచిందో ఆయనకేం తెలుసు? తెలిసిన మావాళ్లు నన్ను దాటుకొని లోపలికి పోయారు. అరటిపండ్లు పట్టుకొని బయటే నిలబడ్డాను గానీ, ఒళ్లు మండిపోయింది.

మాది తిరుమణి పక్కన చిన్న పల్లె. మా మామగారి కాలంలో దొడ్డినిండా గొర్రెలే, ఆ గొర్రెల వెంట తిరిగిన దేవుడు కనుక మా దేవరకు గుడి లేదు, చెక్కపెట్టెలోనే ఉండేవాడు. ప్రతి ఉగాదికీ ఆ పెట్టె అన్నదమ్ముల్లో ఒకరింటి నుంచి మరొకరింటికి మారేది, దాన్నే వంతు అనేవాళ్లం. పెట్టె ఉన్న ఇంటి కోడలు తెల్లవారగానే తలకు పోసుకొని దీపం పెట్టాలి, అంతదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు, ఇంటికి తాళం వేసి ఊరికి పోకూడదు. చిన్నప్పటి నుంచీ భక్తురాలినని గొప్పలు పోను, కొత్తకోడలిగా ఆ వంతు వచ్చిందంటే నాకు విసుగే.

నాకు పిల్లలు కలగలేదు. మా ఆయనకు ఆ సాకు చాలు, రెండో పెళ్లి చేసుకొని అదే వీధిలో వేరు కాపురం పెట్టాడు. అత్తగారు నన్ను వెళ్లగొట్టలేదు, అది ప్రేమ అనుకునేరు, దొడ్డి ఊడ్చడానికి మనిషి కావాలి కదా! పెళ్లి పిలుపులకు నా పేరు వచ్చేసరికి ఆమెకు దగ్గు ముంచుకొచ్చేది. కానీ వంతు ఎవరిదైనా దీపం పని మాత్రం తోడికోడళ్లు నా మీదికే నెట్టేవారు. శుభకార్యాలకు పనికిరాని చేతులు దేవుడికి మాత్రం పనికొచ్చాయన్నమాట. మాట్లాడే దిక్కులేక పొద్దున్నే పెట్టె మూత తీసి దేవరతోనే పోట్లాడేదాన్ని. వానలు లేని ఏళ్లలో, రాగిముద్దలోకి ఉప్పూ పచ్చిమిరపకాయా తప్ప ఏమీ లేనప్పుడు కూడా దీపానికని కాస్త శనగనూనె దాచిపెట్టి, ఇది నీకు సరే, మరి నాకేదని నిలదీసేదాన్ని. ఆయన పలికితేనా! కోపమొచ్చి ఒకనాడు దీపం పెట్టకుండా ముసుగుతన్ని పడుకున్నాను కూడా, కానీ దేవర చీకట్లో కూర్చున్నాడన్న ఆలోచనే కుదురుగా ఉండనివ్వక మధ్యాహ్నానికి లేచి వెలిగించాను.

ఆ తరువాత మా పొలాల్లోకి సోలారు కరెంటు కంపెనీ వచ్చింది. భూములు కౌలుకిచ్చి, మేత లేక గొర్రెల్ని అమ్మేశారు, మా ఆయనా మరుదులూ పావగడ టౌన్లో ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఉగాదికి వంతు ఎవరిదంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి చిన్న మరిది, "దేవర నీ దగ్గరే ఉండనీ వదినా, టౌన్లో మాకు యాడ కుదురుతాది?" అన్నాడు. భూమిలో నా పేరు లేదు, గొర్రెల్లో నాకు వాటా లేదు, ఎవరికీ అక్కర్లేని దేవుడు మాత్రం నాకు దక్కాడు. దీపం పెట్టి, సోలారు పలకల కింద గడ్డి కోసే కూలికి పోయి, వచ్చాక ఆ రోజు కష్టమంతా ఆయన ముందే వెళ్లబోసుకునేదాన్ని. చలిజ్వరంలో గోడ పట్టుకొని లేచి దీపం పెట్టిన రోజులున్నాయి.

కిందటేడు మరుదులకు ఉన్నట్టుండి భక్తి పుట్టుకొచ్చింది. కార్లు కొన్నాక దేవుడికి గుడి లేకపోతే నలుగురిలో చిన్నతనం కదా! గ్రానైటు గుడి కట్టించి, జీతమిచ్చి పూజారిని పెట్టి, పెట్టె కోసం మేళతాళాలతో వచ్చారు. నేను అడ్డంగా కూర్చున్నాను.

"లెయ్ వదినా, దేవుడేమన్నా నీ ఒక్కదాని సొత్తా?" అని చిన్న మరిదే కసిరాడు.

"వంతు వచ్చినప్పుడు ఈ మాట యాడికి పోయినాదప్పా?" అన్నాను. మేళాల మోతలో విన్నవాళ్లు లేరు.

దేవరకు ఇష్టం లేకపోతే పెట్టె లేవదని మావాళ్ల నమ్మకం. ఎంతమంది పట్టినా కదలనంత బరువెక్కుతుందని మా మామగారు చెప్పేవారు. ఆ ఒక్కపూట దేవర నా పక్షాన మొరాయిస్తాడని పిచ్చిదానిలా ఎదురుచూశాను. ఇద్దరే ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తుకొని నడిచిపోయారు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన కాలంలో దేవుడు ఇంట్లో మనిషిలా ఉండేవాడు, మనం పస్తుంటే తానూ పస్తుండేవాడు. ఇప్పుడు ఆయనకు వేళలున్నాయి, తాళముంది, పట్టుబట్టలున్నాయి. బాగుపడ్డాడు, కాదనను. ఎవరూ ఉపవాసం ఉండమనకపోయినా, గుడి తలుపు తీసేదాకా నేనింకా గుక్కెడు నీళ్లు తాగను. నన్ను కావాలనుకున్నవాళ్లు ఒక్కరూ లేరని ఇన్నేళ్లూ ఆయనకే చెప్పుకొని ఏడ్చాను. ఇప్పుడు ఆయన కూడా నన్ను వదిలి పోయాడని చెప్పుకోవడానికి, మళ్లీ ఆయన దగ్గరికే పోతున్నాను.