తమ్ముడు వేసిన అతుకులు

బైరాగి చేతులు వణుకుతున్న సంగతి ముందు గమనించింది భార్య తవిటమ్మే. అతుకులు వేసే సోల్డరింగ్ ఇనుము పట్టుకున్న చెయ్యి సర్క్యూట్ బోర్డు మీద నిలవడం లేదు.

హౌరాకి నది ఇవతల, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో అతనిది ఒక గది దుకాణం. మెటియాబ్రుజ్ దర్జీ కార్ఖానాల్లోని ఎంబ్రాయిడరీ మిషన్ల బోర్డులు, చేపల మార్కెట్టు ఫ్రీజర్ల బోర్డులు కాలిపోతే అతని దగ్గరికే వచ్చేవి. కొత్తది వేయించుకోక తప్పదని కంపెనీలు తేల్చేసినవాటిని బైరాగి బతికించేవాడు. మాడిన చోట నలుపన్నది మిగలకుండా గీకి, కరెంటు పారే గీత తెగితే దానికి బదులు సన్నని రాగితీగ అతికి, పైన వార్నిష్ పూసేవాడు. బొగ్గు రవ్వంత మిగిలినా కరెంటు మళ్ళీ అక్కణ్ణుంచే పాకి బోర్డుని మాడుస్తుంది.

ఈ పని అతను తమ్ముడు అప్పలసూరికీ నేర్పాడు. డాక్‌లో కూలిపని చేసిన తండ్రి పోయాక ఆ పిల్లాణ్ణి పెంచింది బైరాగే. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. పెళ్ళయ్యాక అప్పలసూరి హౌరా వెళ్ళి, మిషన్లు అమ్మే ఒక డీలరు దగ్గర మెకానిక్‌గా చేరాడు. అక్కడ బాగుచెయ్యడమన్నది లేదు. కాలినది పీకి కొత్తది పెట్టడమే.

ఒకసారి మెటియాబ్రుజ్‌లో అన్నదమ్ములిద్దరూ ఒకే మిషను ముందు ఎదురుపడ్డారు. బోర్డు బాగవుతుందన్నాడు బైరాగి. కార్ఖానా యజమాని, నువ్వేమంటావన్నట్టు అప్పలసూరి మొహం చూశాడు. పక్కన డీలరు నిలబడి ఉన్నాడు.

"మార్చెయ్యడమే మంచిది," అన్నాడు అప్పలసూరి, తల దించుకుని.

"ఇంక నా గుమ్మం తొక్కకు," అన్నాడు బైరాగి ఆ సాయంత్రం. అంతే, మాటలు ఆగిపోయాయి.

చేతుల వణుకు నరాల జబ్బనీ, తగ్గేది కాదనీ ఆసుపత్రిలో చెప్పారు. అయినా బైరాగి పని మానలేదు. బాగయ్యే బోర్డుల్ని పాడుచేసి, వాటి ముందు కూర్చుని ఏడ్చేవాడు. చూడలేక ఒకరోజు తవిటమ్మ ఒక బోర్డు సంచిలో వేసుకుని, బాబూఘాట్‌లో నది దాటే లాంచి ఎక్కి హౌరాలో మరిది ఇంటికెళ్ళింది.

"అన్నకి సెప్పకొదినా. నానని తెలిస్తే ఇసిరికొడతాడు," అన్నాడు అప్పలసూరి. ఆదివారాలు ఇంట్లో కూర్చుని పని చేసిపెట్టాడు. ఊళ్ళోనే చాందినీ చౌక్ బజార్లో ఎవరో బెంగాలీ మెకానిక్, అన్నా అన్నట్టు అందరూ దాదా అంటారు, అతను చేస్తున్నాడని తవిటమ్మ మొగుడితో చెప్పింది.

మొదటి బోర్డు రాగానే బైరాగి భూతద్దం కింద పెట్టి చూశాడు. తీగ కొసని చిన్న కొక్కెంలా వంచి, అప్పుడు అతకడం అతని అలవాటు. దాన్ని ఒక్కడికే నేర్పాడు. చాలాసేపు ఆ బోర్డు చేతిలోనే పెట్టుకుని, "దాదా బాగా సేసినాడు," అన్నాడు.

ఏడాది పైగా అలాగే సాగింది. వచ్చిన ప్రతి బోర్డునూ అద్దం కింద పెట్టి అతుకు అతుకూ చూసేవాడు. పనిలో తప్పులు వెతుకుతున్నాడనుకునేది తవిటమ్మ.

వానల్లో ఒక బోర్డు వచ్చింది. పని శుభ్రంగానే ఉంది. కొక్కెం లేదు.

"ఇది ఎవులు సేసినారు?"

"ఆ దాదాయే."

"సూరిగాడు సెయ్యనేదు. ఆడికేటయినాది?"

తవిటమ్మ ఇంక దాచలేకపోయింది. అప్పలసూరికి డెంగీ వచ్చింది, హౌరాలో ఆసుపత్రిలో ఉన్నాడు. తగ్గిపోతుంది, అన్నకి చెప్పొద్దన్నాడు. ఈ బోర్డు అతని తోటి మెకానిక్ లలిత్ చేశాడు. అంతా చెప్పి, "నీకెప్పుట్నుంచి తెలుసు మావా?" అంది.

"మొదుట్నుంచీ."

వాళ్ళు ఆసుపత్రికి చేరేసరికి అప్పలసూరికి స్పృహ లేదు. "ఒరే సూరీ, అన్నొచ్చినానురా," అన్నాడు బైరాగి. నర్సు బయటికి పంపేదాకా ఆ మాటే అంటూ ఉన్నాడు. మర్నాడు పొద్దున్న అప్పలసూరి పోయాడు.

కర్మలయ్యాక తమ్ముడి భార్య భాను బైరాగి ఎదురుగా కూర్చుంది.

"తెలిసీ ఒక్క మాట పంపనేకపోనావా బావా? అన్నకి తెలిస్తే ఒప్పుకోడని బయపడతానే సేసినాడు, ప్రెతి ఆదోరం."

"ఆడే ముందొస్తాడని సూసినాను," అన్నాడు బైరాగి. "అడగడానికి నాకు సిగ్గేసినాది."

భాను లేచి లోపలికెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

తిరుగు లాంచిలో తవిటమ్మ మొగుడి పక్కన కూర్చుంది. వాట్‌గంజ్ వైపు క్రేన్లు కనిపిస్తున్నాయి.

"నాను రమ్మనుంటే ఆడొచ్చీవోడు గదే," అన్నాడు బైరాగి.

"వచ్చీవోడే," అంది తవిటమ్మ. అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

తర్వాత బైరాగి దుకాణం తెరవలేదు. పనికొచ్చే సామానంతా లలిత్ వచ్చి పట్టుకెళ్ళాడు. మెటియాబ్రుజ్ నుంచి ఇంకా ఫోన్లు వస్తుంటాయి. తవిటమ్మే ఎత్తి, బాగుచేసే మనిషి లేడని చెబుతోంది.